గిట్టుబాటు

గుణుపురం స్టేషను వెనక రేకుల షెడ్డులో
గోనెపట్టాల మీద
అంబాసిడరు లోపలి సరుకంతా ఆరబోశాను.
పక్కనే బరంపురం నుంచి లారీలో దిగిన ఫైబరు తొడుగు,
రెండే సీట్లు, రంగింకా పడలేదు,
వాన చుక్క రాలితే డప్పులా మోగుతుంది.

ఎముకలు పాతబండివి, తోలు కొత్తబండిది.
మధ్యలో నేనూ, కాలేజీ ల్యాబులోంచి తెచ్చుకున్న
రూళ్ళ పుస్తకమూ.
ఎడం పేజీ నెత్తిన 'మార్చాలి',
కుడి పేజీ నెత్తిన 'బాగుచెయ్యాలి'.
పొద్దుట్నుంచీ కుడి పేజీయే నిండుతోంది.
నిజం చెప్పొద్దూ, చిట్టీ డబ్బులు తొడుగుకే అయిపోయాయి.

సొంబరు కిరసనాయిలు గిన్నెలో ఒక్కో ముక్కా కడిగి
"భలొ అఛి" అంటాడు అన్నిటికీ.
వాడికి పదిహేడేళ్ళు. వాడికన్నీ బాగానే ఉంటాయి.

పెంటయ్య వచ్చాడు, బుగ్గన కిళ్ళీ, భుజాన నూనెగుడ్డ.
సంతలో కుండ కొనేవాడిలా
వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గుతాడు.
"కింగుపిన్నులకి బుష్షులు కొడితే సాలు.
డైనమోకి బొగ్గులెయ్యి, ఇంకో పదేళ్ళు తిరుగుతాది.
కమాను పట్టీలు కొలిమిలో ఎర్రబెట్టి వంపు తెప్పిద్దాం.
ఈ స్టీరింగు పగులు మైనంతో పూడ్సెయ్యొచ్చు."

పూడ్చు, కానీ ఆ రెండు గుంటలూ వదిలెయ్యి, అన్నాను.
ఎవడో సర్కారీ డ్రైవరు
బొటనవేళ్ళతో ఇరవయ్యేళ్ళు అరగదీసిన చోటు.
నా వేళ్ళు అందులో సరిగ్గా పట్టాయి, నిన్న రాత్రి చూసుకున్నాను.

ముందు ఎడమ చక్రం బ్రేకు సిలిండరు దగ్గర ఆగాడు.
దాన్ని మూడు రాత్రులు నేనే రుద్దాను.
పైన అద్దంలా ఉంది.
నాలుగు రబ్బరు వాషర్ల కిట్టు, తొంభై రూపాయలు,
వేసేస్తే సరిపోదా?

టార్చి లోపలికి కొట్టాడు.
గోడల నిండా సన్నటి గుంటలు,
అమ్మవారు పోసి తగ్గిన మొహంలా.
"దీనికి కిట్టు కిట్టదమ్మా."

నాకు ఉక్రోషమొచ్చింది.
నువ్వేనా పెంటయ్యా ఈ మాట అనేది?
నీకు ముందు ముగ్గురు పోతే
నిన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి
పక్కింటావిడ చేత తీయించి
చేటెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కున్న పేరు కదూ నీది?
పారేసిందాన్ని తెచ్చుకోవడం
నీకంటే ఎవరికి తెలుసు?

నవ్వాడు. కిళ్ళీ ఉమ్మడానికి బయటికెళ్ళి
వాన చూసి కాసేపు అక్కడే నిలబడ్డాడు.
"అది సావుని మోసం సెయ్యడానికమ్మా.
సావు మోసపోనాది, నానున్నాను.
పుట్టాసింగి ఘాటీ మోసపోదు.
దిగేటప్పుడు నీ పాదం కింద ఉండేది ఇదే."

మా ఊరి చిన్నరైలుని ఎవరూ బాగుచెయ్యలేదు.
మార్చేశారు.
నౌపడకి ఇప్పుడు తొందరగానే చేరుతున్నాం,
నేనూ ఎక్కుతున్నాను, కిటికీ పక్కనే కూర్చుంటున్నాను.
అది గుర్తొచ్చి, ఎందుకో,
సిలిండరుని కుడి పేజీలో కొట్టేసి ఎడం పేజీలో రాశాను.
పదకొండు వందలు. విజయనగరం బస్సు తెల్లారి ఐదున్నరకి.

"రెండు తే," అన్నాడు పెంటయ్య గుడ్డ దులుపుకుంటూ.
కుడి చక్రందానికేమైంది?
"ఏటీ అవలేదు. బంగారం లాగుంది.
ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతదైతే
బ్రేకు తొక్కినప్పుడల్లా బండి ఒక పక్కకే లాగుతాది.
జత మార్చాలి."

వాళ్ళు వెళ్ళిపోయాక
రెండోదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
టార్చి వేసి చూశాను. గుంట లేదు, గీత లేదు.
మార్చక్కర్లేదు. బాగుచెయ్యక్కర్లేదు.
దీన్ని ఏ పేజీలో రాయాలి?